ఎత్తుల లిపి

మాట గాలిలో కలిసిపోవును. వ్రాసిన మాట నిలుచును. పాట కూడ అట్టిదే. ఒకప్పుడు ముత్తుస్వామి దీక్షితుల కృతులు ఎక్కువగా శిష్యుల కంఠములందే నిలిచియుండెడివి. గురువు నోట విన్నదానిని శిష్యుడు మరచినచో ఆ పాట పోయినట్లే. సుబ్బరామ దీక్షితులు ఆ కృతులను స్వరములతోను, గమకముల గుర్తులతోను తెలుగు లిపిలో వ్రాసి, 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అను గ్రంథముగా 1904లో ఎట్టయాపురమున ప్రకటించిరి. ఆ గురువులను కన్నులార చూడనివారు సైతము నేడు ఆ గ్రంథమును ముందుంచుకొని ఆ కృతులను నేర్చుకొనుచున్నారు.

మాటకు లిపి కలదు. పాటకు లిపి కలదు. మరి ఆటకు లిపి కలదా? ఈ ప్రశ్న నాకు తోచినది కాదు. మా బడిపిల్లలకు తోచినది. ఆ కథయే ఈ పాఠము.

నేను గురజాల సమీపమున ఒక పల్లెలో ఉపాధ్యాయుడనుగా నున్న దినములవి. పల్నాటి సీమలో నాపరాళ్లకు కొదువ లేదు. మాచర్ల, దాచేపల్లి, పిడుగురాళ్ల ప్రాంతములందు ఎచట త్రవ్వినను సున్నపురాయియే. ఇంటి అరుగుల మీదను, రచ్చబండల మీదను పరచిన నాపరాళ్లపై గీతలు గీచి పెద్దలు పులిజూదమాడుచుండెడివారు. దీనినే పులి-మేక ఆట యనియు అందురు.

ఆట యెరుగనివారికై దాని స్వరూపమును చెప్పెదను. పైన ఒక శిఖరము. అచటినుండి నాలుగు గీతలు విచ్చుకొనుచు క్రిందికి దిగును. వాని అడుగు కొనలను ఒక అడ్డగీత కలుపును. నడుమ మూడు అడ్డగీతలు ఆ నాలుగింటిని ఖండించుచు, ఇరుప్రక్కల కొంచెము వెలికి సాగును. అట్లు సాగిన కొనలను కుడియెడమల రెండు నిలువుగీతలు కలుపును. ఇప్పుడు గీతలు కలిసిన చోట్లను లెక్కింపుడు. శిఖరము ఒకటి, మూడు వరుసలలో ఆరేసి చొప్పున పదునెనిమిది, అడుగున నాలుగు. మొత్తము 23 కూడళ్లు.

పులులు మూడు, మేకలు పదునైదు. పులులకు గులకరాళ్లు, మేకలకు చింతగింజలు చాలును. మా ఊరి వాడుక ప్రకారము ఒక పులి శిఖరమునందును, తక్కిన రెండు మొదటి వరుస నడిమి కూడళ్లయందును కూర్చుండును. మేకలవాడు ఒక మేకను పెట్టును. పులులవాడు ఒక పులిని జరుపును. పదునైదు మేకలను పెట్టువరకు ఏ మేకయు కదలరాదు. పులి ప్రక్కనే మేక యుండి, అదే గీతపై దాని ఆవలి కూడలి ఖాళీగా నున్నచో, పులి దుమికి ఆ మేకను తినును. మూడు పులులకును కదలుటకు చోటు లేకుండ కట్టినచో మేకలది గెలుపు. కట్టుటకు చాలినన్ని మేకలు మిగులనిచో పులులది గెలుపు.

ఆ ఊరిలో ఒక అవ్వ యుండెడిది. ఆమెకు అక్షరము రాదు. కాని మేకలు పట్టి కూర్చుండినచో ఆమెను గెలిచినవాడు ఆ చుట్టుప్రక్కల లేడు. బడి విడిచిన తరువాత పిల్లలు ఆమె అరుగుపై చేరి ఆడుచుండెడివారు.

ఒకనాడు ఆ అరుగుపై పెద్ద తగవు పుట్టినది. పులులు పట్టిన బాలుడు మేకను తింటిననెను. మేకలు పట్టినవాడు, "ఆవలి కూడలిలో నా మేక యున్నది. నీ పులి దుముకుటకు వీలే లేదు" అనెను. అప్పటికే చింతగింజలు చెదరిపోయినవి. చూచుచున్నవారు ఇరుపక్షములుగా చీలిరి. కోడిపోరున మొదలైన వైరము కారంపూడి యుద్ధముదాక పెరిగినదని చెప్పు వీరగాథ పుట్టిన సీమ మనది. ఇద్దరు మిత్రులు నాలుగు దినములు మాటలాడుకొనలేదు.

అవ్వ వారిని పిలిచి, "చూసినవాడు చెప్పాలి నాయనా, లేకపోతే రాసినవాడు చెప్పాలి. ఇద్దరూ లేకపోతే తగవెట్లా తీరుద్ది?" అని పలికెను.

ఆ మాట పిల్లల మనస్సులలో నాటుకొన్నది. మరునాడు వారు నాయొద్దకు వచ్చి, "మాష్టారూ, ఆటను వ్రాయుట ఎట్లు?" అని అడిగిరి. ఉపాయము చెప్పుటకంటె వారిచేతనే కనుగొనజేయుట మేలని తలచి, "మీరే ప్రయత్నింపుడు. ఆటను చూడనివారు మీ కాగితమును చదివి ఆ ఆటను తిరిగి ఆడగలిగినచో, మీరు వ్రాసినది లిపి. లేనిచో అది గీతల కట్ట" అని చెప్పితిని.

వారి మొదటి ప్రయత్నము మాటలతో సాగినది. 'ఎడమవైపు పులి కుడికి జరిగినది', 'పై మేక ప్రక్కన మరియొక మేక' అని వ్రాసిరి. చదువబోగా చిక్కు వచ్చినది. ఆటగాండ్రిద్దరు ఎదురెదురుగా కూర్చుందురు గదా! ఒకని ఎడమ మరియొకనికి కుడి. ఒకే కూడలికి రెండు పేర్లు వచ్చినవి.

ఇట్టి చిక్కు చదరంగమునందును చాలకాలముండెను. ఆంగ్లము మాటలాడు దేశములలో ప్రతి ఆటగాడును తన వైపునుండియే గడులను లెక్కించి ఎత్తులను వ్రాసెడివాడు. అందుచేత ఒక్కొక్క గడికి రెండేసి పేర్లుండెడివి. సిరియా దేశమందలి అలెప్పో నగరమునకు చెందిన ఫిలిప్ స్టామా అను ఆటగాడు 1737లో పారిస్‌లో ప్రకటించిన గ్రంథమున వేరొక మార్గమును చూపెను. నిలువు వరుసలకు ఎనిమిది అక్షరములు, అడ్డవరుసలకు 1 మొదలు 8 వరకు అంకెలు. అక్షరమును అంకెను కలిపినచో ఒక గడి. ఏ వైపున కూర్చుండి చూచినను ఆ గడికి అదే పేరు. ఇంత సులభమైన పద్ధతి కూడ అన్ని దేశములను చేరుటకు రెండు శతాబ్దములకు పైగా పట్టినది. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య తన పోటీలలో ఈ పద్ధతిని మాత్రమే గుర్తించుట 1981లో మొదలైనది.

పిల్లలు రెండవ ప్రయత్నమున కూడళ్లకు 1 మొదలు 23 వరకు అంకెలు వేసిరి. ఇది మొదటిదానికంటె మేలు. ప్రతి కూడలికి ఒకే పేరు వచ్చినది. కాని '9 నుండి 21' అని కాగితముపై చూచినప్పుడు ఆ రెండును ఒకే గీతపై నున్నవో లేవో తెలియదు. గీతను ముందుంచుకొని వెదకవలసినదే. పేరు కలదు గాని, ఆ పేరులో చోటు కనబడదు.

అప్పుడొక బాలిక, "మాష్టారూ, గుణింతము వలె వ్రాసినచో?" అనెను. ఆ ఒక్క మాటతో దారి తెరచుకొన్నది. నిలువు వరుసలు ఆరు. క, చ, ట, త, ప అను వర్గముల మొదటి అక్షరములు ఐదు; వానికి 'య' చేర్చినచో ఆరు. అడ్డవరుసలకు గుణింతపు గుర్తులు. శిఖరము ఒక్కటే గనుక దానికి శ్రీకారము. మొదట వారు తలకట్టు, దీర్ఘము, గుడి, గుడిదీర్ఘము అను వరుసలో క, కా, కి, కీ అని పెట్టుకొనిరి. కాని వేగముగ వ్రాయునప్పుడు 'చి' యేదో 'చీ' యేదో తెలియక ఒక ఆట చెడిపోయినది. వెంటనే దీర్ఘములను తీసివైచి, తలకట్టు, గుడి, కొమ్ము, ఎత్వము అను నాలుగు గుర్తులను నిలిపిరి. తుదకు ఏర్పడిన పటము ఇది:

శ్రీ
క – చ – ట – త – ప – య
కి – చి – టి – తి – పి – యి
కు – చు – టు – తు – పు – యు
చె – టె – తె – పె

శ్రీకారమునుండి దిగు నాలుగు గీతలు చ, ట, త, ప అక్షరములవి. కుడియెడమల నిలువుగీతలు య, క అక్షరములవి.

అక్షరమును చోటుకు గుర్తుగా వాడుట మన పూర్వులకు క్రొత్త కాదు. 9వ శతాబ్దమునాటి రుద్రటుడు తన కావ్యాలంకారమున తురగపదబంధమును చూపెను. గడికి ఒక అక్షరము చొప్పున శ్లోకమును పరచి, చదరంగపు గుర్రము దుమికిన త్రోవనే దానిని చదువవలెను. 14వ శతాబ్దమున వేదాంతదేశికులు పాదుకాసహస్రమునందు ముప్పదిరెండేసి అక్షరముల శ్లోకములు రెండింటిని వరుసగా రచించిరి. మొదటి శ్లోకమును వరుసకు ఎనిమిది చొప్పున నాలుగు వరుసలుగ వ్రాసి, గుర్రపు నడకను చదివినచో రెండవ శ్లోకము వచ్చును. గడిని అక్షరమునకు, అక్షరమును గడికి ముడివేయు నేర్పు ఈ దేశమున అంత పాతది.

కూడళ్లకు పేర్లు కుదిరినవి. ఇక ఎత్తులను వ్రాయు విధము. మేకను పెట్టినచో కూడలి పేరు మాత్రమే వ్రాయవలెను. పులిని జరిపినచో బయలుదేరిన చోటు, చేరిన చోటు వ్రాసి నడుమ చిన్నగీత పెట్టవలెను. పులి మేకను తిన్నచో చిన్నగీతకు మారుగా అడ్డగుర్తు. ప్రతి జంట ఎత్తులకును వరుస సంఖ్య. మేకలు పదునైదే గనుక, పదునైదవ సంఖ్యవరకు మేకల ఎత్తులకు ఒక్క పేరే యుండును. ఆ తరువాత మేకలకును రెండేసి పేర్లు వచ్చును. ఒక ఆట మొదటి మూడు ఎత్తులను చూడుడు. పులులు శ్రీ, ట, త కూడళ్లలో నున్నవి.

1. చె, ట–టి
2. పె, టి–టు
3. తు, టు×పు

మూడవ ఎత్తులో మేకలవాడు 'తు' వద్ద మేకను పెట్టెను. 'టు' నందున్న పులి దానిపై దుమికి 'పు' చేరెను. తిన్న మేక యేదో వేరుగ వ్రాయలేదే యని మీరడుగవచ్చును. వ్రాయ నక్కరలేదు. టు, పు రెండును కొమ్ముల వరుసలోనివి. వాని నడుమనున్నది 'తు' మాత్రమే. దుముకు చెల్లునా చెల్లదా యనుటకును కొలత దొరకినది. గుణింతపు గుర్తు మారకుండ అక్షరము ఒకదానిని దాటవలెను. లేదా అక్షరము మారకుండ గుర్తు ఒకదానిని దాటవలెను. శిఖరమునుండి దుమికినచో మొదటి వరుసను దాటి గుడి గల కూడలిని చేరవలెను; శిఖరమునకు దుమికినచో గుడి గల కూడలినుండి మొదటి వరుసను దాటి రావలెను. ఈ మూడింటిలో ఏదియు కానిచో ఆ దుముకు చెల్లదు. నాడు అరుగుపై తగవు తీర్చలేకపోయిన సంగతి ఇప్పుడు రెండక్షరములతో తేలిపోవును. అంతేకాదు, 'పు' వద్ద ముందే ఒక మేక యున్నచో ఆ పులికి దుముకుటకు చోటుండెడిది కాదని ఓడినవాడు తానే గ్రహించెను. తప్పును ఇతరులు చూపినచో కోపము వచ్చును. తన వ్రాత తనకు చూపినచో బుద్ధి వచ్చును.

ఇక పరీక్ష. ఇద్దరు బాలురు ఒక గదిలో ఆడిరి, ఒకడు వ్రాసెను. ఆ కాగితమును ప్రక్క గదిలోని బాలికలకిచ్చితిమి. వారు గీత గీచికొని చింతగింజలతో ఆటను నడిపిరి. ఎనిమిది ఎత్తులు చక్కగ సాగినవి. తొమ్మిదవ ఎత్తులో పులి చేరవలసిన చోట ఒక మేక కూర్చున్నది! విచారింపగా, ఐదవ ఎత్తు వేళ వ్రాయువాడు నవ్వులలో పడి పులి కదలికను విడిచిపెట్టెనని తేలినది. తప్పు జరిగినది ఐదవచోట, బయటపడినది తొమ్మిదవచోట. లెక్కలలోను, జీవితములోను తప్పులు ఇట్లే బయటపడును. ఆనాటినుండి ఆటగాండ్రిద్దరును ఎవరి కాగితముపై వారు ఇరువురి ఎత్తులను వ్రాయవలెననియు, ఎత్తు జరిగిన వెంటనే వ్రాయవలెననియు నియమము పెట్టుకొనిరి.

తాము పెట్టుకొన్న నియమము ప్రపంచ చదరంగమునందు ముందే యున్నదని తెలిసినప్పుడు వారి సంతోషము చెప్పనలవి కాదు. పెద్దపోటీలలో దీర్ఘకాలపు ఆటలాడువారు తమ ఎత్తులను, ఎదుటివారి ఎత్తులను ఒక్కొక్కటిగా స్పష్టముగ వ్రాయవలెనని సమాఖ్య నియమము. ఒకే స్థితి మూడవసారి వచ్చినది గనుక ఆట సమానమని కోరు ఆటగాడు ఆ కాగితముతోనే తన మాటను నిరూపించుకొనవలెను. వ్రాసియుంచుట చేతనే 1851లో లండన్ నగరమున ఆండర్సెన్, కీసెరిట్స్కీ ఆడిన ఆటను నేడు మన ఊరి అరుగుపై కూర్చుండి తిరిగి ఆడవచ్చును. గుంటూరులో పుట్టి 2004లో ప్రపంచ జూనియర్ విజేతయైన పెండ్యాల హరికృష్ణ ఆటలను, గుడివాడలో పుట్టి 2002లో పదునైదేండ్ల ప్రాయముననే గ్రాండ్‌మాస్టరైన కోనేరు హంపి ఆటలను, గుంటూరు ఆడపడుచు ద్రోణవల్లి హారిక ఆటలను నరసరావుపేటలోని బాలుడు గాని, మాచర్లలోని బాలిక గాని ఎత్తు వెంట ఎత్తుగా చదివి నేర్చుకొనవచ్చును. గొప్పవారు ఎదుట లేకున్నను వారి ఆలోచన మన యెదుట నిలుచును.

మరి మన అవ్వ ఆటయో? ఆమె ఏ పోటీకిని పోలేదు. ఆమె ఎత్తులను ఎవరును వ్రాయలేదు. లిపి కుదిరిన తరువాత పిల్లలు మొదట పరుగెత్తినది ఆమె అరుగునకే. "ఇంత బాగుగ ఎట్లు ఆడెదవు అవ్వా?" అని అంతకుముందు ఎన్నిసార్లడిగినను ఆమె, "ఏమో నాయనా, చెయ్యి అటే పోద్ది" అని నవ్వెడిది. దాచుకొని చెప్పకపోవుట కాదు. చేతికి తెలిసినది నోటికి తెలియదు.

ఆ వేసవిలో పిల్లలు ఆమె ఆడిన ఆరు ఆటలను వ్రాసిరి. ఆరు కాగితములను ప్రక్కప్రక్కన పరచి చూడగా ఒక సంగతి కన్నులకు కట్టినది. వరుసలో తేడా యున్నను, అవ్వ మొదటి ఆరు మేకలు ప్రతి ఆటలోను చె, పె, క, య, కు, యు కూడళ్లయందే యున్నవి. ఆ చోట్లే యేల? పటమును చూడుడు. అవి ప్రతి గీతకును కొనలు. కొనయందున్న మేకకు ఆవల కూడలి యుండదు; ఆవల చోటు లేనిచో పులి దుముకలేదు. గీత మొత్తములో అట్టి చోట్లు ఏడు మాత్రమే. ఏడవది శిఖరము, అచట మొదటినుండి పులియే కూర్చుండును. అక్షరము రాని అవ్వ, తన చేతితో ఆ ఏడింటిని ఏనాడో చదివినది!

పిల్లలు ఆమెకు ఆ కాగితములను చూపి విషయము చెప్పిరి. ఆమె వానిని అటునిటు త్రిప్పి చూచి, "నాకు అక్షరం ముక్క రాదు. నా ఆటను అక్షరాల్లో పెట్టారా నాయనా!" అని కన్నులు తుడుచుకొనెను.

మరుసటి ఏడు ఆమె కాలధర్మము చెందెను. ఆమె అరుగు నేడు లేదు. ఆ చోట క్రొత్త ఇల్లు లేచినది. కాని ఆ ఆరు ఆటలున్నవి. నాడు వ్రాసిన పిల్లలు నేడు పెద్దవారై, తమ బిడ్డలకు ఆ కాగితములను చదివి వినిపించుచు, చింతగింజలతో ఆమె ఎత్తులను తిరిగి వేయుచున్నారు. వ్రాయక మునుపు ఆమె ఆడిన వేలకొలది ఆటలు మాత్రము ఆమెతోనే పోయినవి.

బాలబాలికలారా! మీ ఊరిలోను ఇట్టి అవ్వలు, తాతలు ఉందురు. ఒకరికి ఒక ఆట వచ్చును; ఒకరికి ఒక పాట; ఒకరికి ఒక ముగ్గు; ఒకరికి ఒక పనివాడితనము. వారిని అడిగినచో, "ఏమో, చెయ్యి అటే పోద్ది" అందురు. ఆ చేతిని చూచి వ్రాయుట చదువుకొన్న మన పని. అందుకు తగిన లిపి లేదని వెనుకాడకుడు. ఒక చోటుకు ఒకే పేరు పెట్టుడు. పేరులోనే చోటు కనబడునట్లు చూడుడు. చూచిన వెంటనే వ్రాయుడు. చూడనివారి చేతికిచ్చి పరీక్షింపుడు. వారు తప్పక తిరిగి చేయగలిగినచో మీరొక లిపిని కనుగొన్నారన్నమాట. గుణింతము నేర్చినవారందరికిని ఆ పని సాధ్యమే.

అభ్యాసము

1. 'ఎడమ, కుడి' అను మాటలతో ఆటను వ్రాయుటలో వచ్చిన చిక్కు ఏమి? చదరంగమున అట్టి చిక్కు ఎట్లు తీరినది?
2. కూడళ్లకు అంకెలకంటె గుణింతపు పేర్లు ఏల మేలైనవి?
3. 'చి×చె' అను ఎత్తు చెల్లునా? 'క×ట' అను ఎత్తు చెల్లునా? కారణము వ్రాయుడు.
4. పులి తినజాలని ఏడు కూడళ్లను పటముపై గుర్తింపుడు. 'కి' వానిలో ఏల చేరదు?
5. మీ ఊరి పెద్దలు ఆడు ఒక ఆటను చూచి, దాని ఎత్తులను వ్రాయుటకు ఒక పద్ధతిని కల్పింపుడు. ఆ ఆటను చూడని మిత్రునిచేత చదివించి పరీక్షింపుడు.